దానమ్మ పళ్ళ కింద సిందూరం

వన్ టౌన్ మొత్తం మీద దానమ్మ నోటికి జడవని వాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకడు గాజుల కొట్టు అరుగు మీద కూర్చునే కుట్టుమిషనతను, పుట్టు చెవిటోడు. రెండోది సొంత కోడలు మాణిక్యం. మిగతా జనమంతా, రిక్షావాళ్ళతో సహా, దానమ్మ ఎదురొస్తే పక్కసందులోకి తిరిగిపోయేవాళ్ళు. ఒకసారి దానమ్మ తిట్టిన తిట్టుకి హమాలీ నెత్తిమీద బస్తా దానంతటదే కిందికి దిగి కూర్చుందని చెప్పుకుంటారు. బస్తా సంగతేమో గాని, ఆ హమాలీ నెలరోజులు ఆ సందులో కనపడలేదు.

కాకపోతే ఆ నోటికి అంత విలువ తిట్ల వల్ల రాలేదు. పళ్ళ వల్ల వచ్చింది.

రామకోటేశ్వరరావు గారిది రంగుల కొట్టు. కొట్టు ముందు భాగంలో పసుపు, కుంకం, కర్పూరం పొట్లాలు కట్టి అమ్మేవాళ్ళు. వెనక గోడౌన్లో వార్నీషు, టర్పెంటు, గంధకం, వాటికి మించి డబ్బాలకి డబ్బాలు సిందూరం. ఎర్రటి పొడి, పిడికెడు పట్టుకుంటే రాయంత బరువు. సీసాన్ని కాల్చి చేస్తారు దాన్ని. ఇనపగేట్లకి తుప్పు పట్టకుండా మొదటి పూత అదే. కృష్ణలో పడవలకి అదే, లారీ బాడీలకి అదే. ఆంజనేయస్వామి ఒంటికి నూనెలో కలిపి పూసేదీ అదే. అంత గిరాకీ ఉన్న సరుకుని కల్తీ చెయ్యకుండా ఎవడు ఊరుకుంటాడు? ఇటికపొడి కలిపేవాళ్ళు. కళ్ళతో చూస్తే తయారుచేసినోడు కూడా పోల్చుకోలేడు. దానమ్మ పోల్చుద్ది.

చిటికెడు తీసి ముందుపళ్ళ మధ్యన వేసుకుని మెల్లగా కొరికేది. కరకరమంటే ఇటిక. మెత్తగా జారిపోతే అసలు సరుకు. పై ఊళ్ళ వ్యాపారస్తులు, చేతికి ఉంగరాలున్నోళ్ళు, దానమ్మ దవడ వంక చూస్తా పరీక్ష ఫలితాలకొచ్చిన పిల్లల్లాగా నిలబడేవాళ్ళు. పక్కకి తిరిగి ఉమ్మి, ఇటిక అందంటే డబ్బాలు మళ్ళీ బండెక్కాల్సిందే. ఏలూరు ఆసామి ఒకడు ఒప్పుకోక గొడవకి దిగితే, ఇటికే కాదు, అది ఇబ్రహీంపట్నం బట్టీది, అదీ వానలో తడిసిన ఇటిక అని చెప్పి పంపించిందంట. ఆసామి చెప్పులొదిలేసి పారిపోయాడంటారు. ఒక చెప్పు అని కొందరంటారు.

మైలవరం దగ్గర పల్లె నుంచి మొగుణ్ణి వెంటబెట్టుకుని, చంకలో కొడుకు బాలశౌరిని వేసుకుని వచ్చి ఆ కొట్లో చేరింది దానమ్మ. రోజంతా జల్లెడ పట్టడం, లోడు వచ్చినప్పుడు కొరికి చూడడం. ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళలో ముగ్గుర్ని కని ముగ్గుర్నీ పూడ్చింది. ఇద్దరు నెలలు నిండకుండానే పోయారు, ఒకడు పుట్టి ఏడవకుండానే పోయాడు. మొదటిదానికి ఎదురింటి శౌరమ్మ కళ్ళు కారణమంది. అప్పట్నుంచి శౌరమ్మతో వైరం. రెండోదానికి ఆడపడుచు ఏదో పెట్టిందంది. ఆడపడుచు గడప తొక్కడం మానేసింది. మూడోదానికి మొగుణ్ణే అంది. ఆయన ఆ మాటలు పడలేక మైలవరం వెళ్ళి మామిడితోటకి కాపలా ఉండి, అక్కడే కన్నుమూశాడు. దానమ్మకి మిగిలింది బాలశౌరి ఒక్కడే. వాడికి పెళ్ళిచేసి తెచ్చుకున్న కోడలు మాణిక్యం, మాటకి మాట అప్పజెప్పే రకం. అదే గోడౌన్లో అత్త పక్కనే జల్లెడ పట్టేది. ఇద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోట్లాడుకుంటానే ఉండేవాళ్ళు. జల్లెడ మాత్రం ఆగేది కాదు.

ఈ మధ్య దానమ్మకి కడుపులో పేగులు మెలిపెట్టినట్టు నొప్పి. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది, ఎత్తితే విరిగిన అరిటాకు తొడిమలాగా వేలాడేది. చిగుళ్ళ మీద నల్లటి గీత. అది వక్కాకు మరక అనుకుంది. నొప్పికి జిలకర నీళ్ళు తాగింది. చేతికి శౌరమ్మనే తిట్టింది.

ఎమర్జెన్సీ రోజులవి. ఆఫీసుల్లో గోడగడియారాలు కూడా భయపడి సరిగ్గా నడిచాయంటారు. ఆ వేసవిలో రెండు సందుల అవతల గోడౌను ఒకటి అంటుకుని, మంట కొండ మీద అమ్మవారికి కనపడేంత లేచింది. దాంతో లైసెన్సు ఆఫీసోళ్ళు కొట్టు కొట్టుకీ అచ్చుకాయితం పంపారు. కొట్లో ఉన్న ప్రతి సరుకూ రాసి, ఎదురుగా అయిదు గళ్ళు నింపాలి. మండుద్దా, పేలుద్దా, పీలిస్తే చెరుపా, మింగితే చెరుపా, తాకితే చెరుపా. మింగితే చెరుపని రాసిన సరుకు నోట్లోకి పోయే సరుకుతో ఒక్క కప్పు కింద ఉండకూడదు.

కాయితం గుమాస్తా హనుమయ్య చేతికొచ్చింది. హనుమయ్యకి రాత వచ్చు, సరుకు తెలవదు. దానమ్మకి సరుకు తెలుసు, రాత రాదు. పదేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పనిచేసిన మనుషులు. అయ్యగారు చెప్పారు గాబట్టి ఒకే బల్ల దగ్గర చెరోపక్కకి తిరిగి కూర్చున్నారు. కర్పూరానికి మండుద్ది అని చెప్పింది. టర్పెంటుకి అదే, పైగా పీలిస్తే తల తిరుగుద్ది. గంధకం పొగకి దగ్గొచ్చి కళ్ళు బయటికొస్తాయంది. హనుమయ్య, నీ నోరు కూడా ఒక గడిలో రాయాలేమో అని సణిగాడు. రాసుకో, ముందు నీ పేరు మీద ప్రయోగించి చూస్తానంది.

సిందూరం దగ్గరకొచ్చేసరికి హనుమయ్య అడక్కుండానే రాయబోయాడు. దానమ్మ ఆపింది. అది తనంతట తను అంటుకోదు గాని గంధకం పక్కన పెడితే దాని మంటకి ఊపిరి పోసుద్ది, అది రాయమంది. మిగతా గళ్ళకి ఏం చెప్పాలో తెలవలేదు. కాయితం వెనకాల ఏవో గుర్తులు అచ్చేశారుగా, చదవమంది. హనుమయ్య పంచాంగం చదివినట్టు గొంతు లేకుండా చదివాడు. సీసం కలిసిన పొడులు. కొద్దికొద్దిగా ఒంట్లో చేరుతాయి. కడుపులో మెలితిప్పే నొప్పి, మలబద్ధకం. చిగుళ్ళ మీద నల్లని గీత. మణికట్టు వాలిపోవడం. ఆడవాళ్ళలో గర్భం నిలవకపోవడం, మృతశిశువులు.

దానమ్మ మళ్ళీ చదవమంది. చదివాడు. ఇంకోసారి చదవమంది. మూడోసారి చదివాక తిట్టలేదు. హనుమయ్యకి భయం వేసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"రాయండి," అంది దానమ్మ. "మింగితే చెరుపు. పీలిస్తే చెరుపు. రాయండి."

"ఆంజనేయస్వామికి పూసేదాన్ని విషమని రాస్తే నా చేతులు పడిపోతాయి."

దానమ్మ వాలిపోయిన చెయ్యి తీసి బల్ల మీద, ఆయన కలం ముందు పెట్టింది.

"సామి ఒంటికి పూస్తారు గుమాస్తా గారూ, నోట్లో పెట్టరు. నా నోట్లో పెట్టారు."

హనుమయ్య ఆ చెయ్యి వంక చూడలేదు. అయ్యగారు ముందే చెప్పారన్నాడు. అది చెరుపని రాస్తే ముందు కొట్లో పసుపు అమ్మే వీల్లేదు, అందుకని సిందూరాన్ని కుంకం పక్కన పూజ సామానుల్లో వెయ్యమన్నారంట. అయిదు గళ్ళలోనూ లేదు, లేదు అని రాసి ఇంకు ఆరడానికి ఊదాడు.

మర్నాడు అయ్యగారు దానమ్మని పిలిచి, గురువారం ఇనస్పెక్టరు గారొస్తున్నారు, ఆయన ఎదర ఓసారి కొరికి చూపించమన్నారు. ఇరవై ఏళ్ళ నమ్మకం నువ్వు అని ఒక పొగడ్త వేశారు. అంతలో ఆ చెయ్యి కంటపడి, వచ్చే నెల నుంచి కొరికే పని మాణిక్యానికిద్దాం, నువ్వు కూర్చుని జల్లించు చాలు అన్నారు.

మాణిక్యం ఆ సంగతి సందు సందంతా చాటింది. అప్పటికి దానికి నాలుగో నెల. ఇంటికెళ్ళాక దానమ్మ ఆ పని ఒప్పుకోవద్దని చెప్పింది. చెప్పడమంటే మామూలుగా చెప్పే నోరు కాదుగా. నీ మొహానికి నా పళ్ళ పని కావాల్సొచ్చిందా, జల్లెడకి కూడా పనికిరావు, రేపట్నుంచి కొట్టుకి వస్తే కాళ్ళు విరగ్గొడతానంది. మాణిక్యం నవ్వింది. నీ సింహాసనం పోతందని కుళ్ళు అత్తా నీకు అంది. కాయితంలో ఏం రాసుందో దానమ్మ చెప్పబోయి ఆగిపోయింది. ఆ ముగ్గురి సంగతి ఎత్తితే గొంతు ఎటు పోద్దో తనకే తెలవదు. బదులుగా కూరలో ఉప్పు లేదని కంచం విసిరేసింది.

గురువారం ఇనస్పెక్టరు సంజీవరావు గారొచ్చారు. సన్నటి మనిషి, కళ్ళజోడు, చంకలో గొడుగు. కాఫీ తెప్పిస్తే వద్దన్నారు, ఎమర్జెన్సీ మరి. కాయితం చదువుతా సిందూరం దగ్గర ఆగి, అయిదింటికీ లేదేంటండీ అనడిగారు. అయ్యగారు పెద్దగా నవ్వి, మా మనిషి ఇరవై ఏళ్ళుగా దీన్ని నోట్లో వేసుకుంటంది, విషమైతే బతికుంటదా, మీరే చూడండి అని దానమ్మని పిలిచారు.

దానమ్మ చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. ఇయ్యాళ ఉపవాసం, నోట్లో ఏం పెట్టనంది. హనుమయ్య, పొద్దున్నే బజ్జీలు తిన్న ఉపవాసమా అన్నాడు. అయ్యగారు మొహం గంటుపెట్టుకున్నారు. సరే నువ్వు రావే అని మాణిక్యాన్ని పిలిచారు.

మాణిక్యం కొత్తచీర కట్టుకుని వచ్చింది ఆరోజు. పళ్ళెంలోంచి చిటికెడు తీసి, ఇనస్పెక్టరు గారి వంక, ఆ తర్వాత అత్త వంక చూసి, నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. దానమ్మ వాలిన చెయ్యి లేవలేదు. అందుకని భుజంతో వచ్చి గుద్దింది, ఆంబోతు గుద్దినట్టు. పళ్ళెం గాల్లోకి లేచి, సిందూరమంతా కొత్తచీర మీద పడి, హనుమయ్య మూతి మీద కూడా పడి, ఆయన ఉమ్మిన ఉమ్ము వీధి అవతల పడిందంటారు. తను దేవుడికి పూసేదన్న సరుకే.

మాణిక్యం తిట్ల వరద అందుకుంది. దానమ్మ వినలేదు. సాంబ్రాణి వేసే నిప్పుల కుంపటి లాగి, ఎడంచేత్తో ఒక పిడికెడు సిందూరం బొగ్గుల మీద పోసి, ఊదుగొట్టంతో ఊదింది. బొగ్గు భగ్గుమంది. ఎరుపు నల్లబడి, పసుపై, దాంట్లోంచి మెరిసే గుండ్లు ఆవగింజల్లా కిందికి జారాయి. కొట్టంతా నోరెళ్ళబెట్టింది.

"ఇది సీసం బాబుగారూ." దానమ్మ వేలు నోట్లో పెట్టి పెదవి పైకి లాగి చిగుళ్ళు చూపించింది. "ఇది వక్కాకు కాదు, ఇదీ అదే. ఈ చెయ్యీ అదే. మీ కాయితం వెనకాల ముగ్గురు పిల్లలున్నారు, వాళ్ళు నావాళ్ళు. కోడల్ని తిట్టేది నేను, కొట్టేది నేను, దాని నోట్లో మట్టికొట్టినా నేనే కొడతాను. ఈళ్ళ చేత కొట్టించను. ఏ గడిలో రాస్తారో మీరే రాయండి."

సంజీవరావు గారు కుర్చీ లాక్కుని కూర్చుని కాయితం మళ్ళీ రాశారు. దానమ్మ చెప్పింది, ఆయన రాశారు. మంటకి తోడు. పేలదు. పీలిస్తే చెరుపు, మింగితే చెరుపు. తాకితేనో అనడిగితే, చేతులు కడుక్కోకుండా అన్నం తింటే మింగినట్టే రాసుకోండి అంది. అయ్యగారు ఏదో అనబోతే కాయితం మీద నుంచి కళ్ళెత్తకుండా సంతకం చెయ్యమన్నారు.

సాయంత్రానికల్లా ముందు కొట్టు మూతపడింది. సిందూరం డబ్బాల మీద పుర్రె బొమ్మ వేయించారు, వేసినోడు చేతకాక కోతిలాగా వేశాడు. అత్తనీ కోడల్నీ ఒకేసారి గెంటేశారు. మాణిక్యం నెలరోజులు అత్తతో మాట్లాడలేదు. మాట్లాడ్డం మొదలెట్టాక, మాట్లాడకపోతేనే బాగుండేదని వీధంతా అనుకుంది. నోటికాడ కూడు పడగొట్టావు, నా సరదా చూడలేకపోయావు అని పొద్దూకులూ అంటానే ఉంది. కాయితం సంగతి హనుమయ్య ద్వారా తెలిశాక కూడా ఆ మాట మానలేదు. కాకపోతే గొంతు కాస్త తగ్గింది.

ఇద్దరూ సందు మొగలో అట్లు వెయ్యడం మొదలెట్టారు. దానమ్మ చేత్తో గరిటె తిరగదు గాబట్టి మాణిక్యం వేసేది, దానమ్మ జనాన్ని తిట్టి పిలిచేది. పాత వ్యాపారస్తులు ఎవరన్నా చిటికెడు పొడి కాయితంలో కట్టుకుని అట్టు తినే వంకతో వచ్చి, ఓసారి కొరికి చెప్పవా అనడిగితే, వాళ్ళ అట్టు మీద నీళ్ళు పోసేది.

కృష్ణ వరద తీసిన నెలలో మాణిక్యం కనింది. ఆడపిల్ల. అది పుట్టగానే పెట్టిన కేకకి పక్కింటి పాలగిన్నె పగిలిందని, పావురాలు కొండమీదికి ఎగిరిపోయాయని చెప్పుకున్నారు. మూడు రోజులు ఆపకుండా ఏడ్చింది. నాలుగోరోజు ఎదురింటి శౌరమ్మ గుమ్మంలోకొచ్చి, ఆ పిల్ల నోరు మూయించండమ్మా, కునుకు లేదు అంది.

దానమ్మ ఒడిలో పిల్లని ఎడంచేత్తో సర్దుకుని, వాలిన చేత్తో దాని వీపు తడమబోయి, అది ఆనక, మోచేత్తో రుద్దింది.

"ఏడవనీవే," అంది శౌరమ్మతో. "కునుకు లేకపోతే కాలవలో దూకు. నా ఇంట్లో పిల్ల ఏడుస్తంది."