బిల్డ్ ఓకే అంటే నమ్మని మాస్టారు

మా కంప్యూటర్ మాస్టారు పోయారని మొన్న పొద్దున టెక్కలి నుంచి ఫోన్ వచ్చింది. కాలేజీలో సంతాప సభ అంటే పలాసలో బస్సెక్కి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. ఫొటోకు అందరికంటే పెద్ద దండ వేసింది కాలేజీ సెక్రటరీ. "ఆయన మా కాలేజీకి ప్రాణం" అని మైకులో అన్నారు. ఆ ప్రాణాన్ని ల్యాబ్‌లోంచి గెంటింది ఈ సెక్రటరీయే.

చదువయ్యాక నేను ఆ ల్యాబ్‌లోనే మాస్టారి దగ్గర పనికి చేరాను. ఆయనది ఇంటింటా కిడ్నీ జబ్బుండే ఉద్దానం. ఆయన అన్నయ్యా ఆ జబ్బుతోనే పోయారు. ఆ మాట ఎప్పుడూ ఎత్తేవారు కాదు. చెత్త పని కనిపిస్తే మాత్రం కళ్లజోడు తీసి, మురికేదో అంటినట్టు చొక్కా అంచుతో తుడిచేవారు. "నా కంప్యూటర్లో నడిసింది సార్" అని ఎవరైనా అంటే, "అయితే నీ కంప్యూటర్నే పట్టుకెళ్లి వాడేవోళ్ల కాడ ఎట్టేత్తావేటి?" అనేవారు. కోపం తగ్గాక తన క్యారేజీలోని జీడిపప్పు కూర వాళ్లకే వడ్డించేవారు.

ఊళ్లోని డయాలసిస్ కేంద్రంలో ఏ రోగికి ఏ మిషన్, ఏ వేళ అని చూపే ప్రోగ్రాం మా ల్యాబ్ రాసింది. అప్పగించే సభకు షామియానా కూడా వేసేశారు. మేము రాసిన ముక్కలన్నీ కలిపి, పరీక్షలు నడిపే టూల్ పేరు మేక్. అది బిల్డ్ ఓకే, అంటే అన్నీ సరిగా కలిశాయి, అంది. మాస్టారు నమ్మలేదు. ఫలితాల ఫైలు తెరిస్తే ఒక పరీక్ష ఫెయిలై ఉంది. ఒకే మిషన్‌కు, ఒకే వేళకు, ఇద్దరు రోగులు.

"మరి ఓకే అని ఎందుకొచ్చింది మాస్టారూ?" అన్నాను.

"మనమిచ్చే ఆదేశాలు నడిపేది షెల్ అనే ప్రోగ్రామమ్మా. ఏ షెల్లో మనం సెప్పలేదు. మేక్ దానికి అలవాటైంది తీసుకుంది. పరీక్ష నడపడం, ఫలితం ఫైల్లో రాయడం ఒకే లైన్లో కలిపీసినారు. ముందుది ఫెయిలైనా ఎనకది బాగా రాసింది కదా, అంతా బాగుందనీసింది. సూడు, ఎంత అసయ్యమో."

బాష్ అనే షెల్‌నే వాడాలని, మధ్యలో ఏది తప్పినా తప్పిందనే చెప్పాలని మేక్‌కు సూచనలుండే మేక్‌ఫైల్ పైన రెండు లైన్లు రాశారు. ఈసారి బిల్డ్ ఆగిపోయింది.

సెక్రటరీ వచ్చారు. "ఆ రెండు లైన్లూ తీసీండి మాస్టారూ. ఎమ్మెల్యేగారొత్తన్నారు. తరవాత సూసుకుందాం."

"రోగి మంచం మీదకొచ్చినాక సూసుకుంటారేటి? నేను తియ్యను."

వేరేవాళ్ల చేత తీయించి, ఆ తప్పుల కుప్పనే చప్పట్ల మధ్య అప్పగించారు. ఆ ఫొటోల్లోని నవ్వులు తలచుకుంటే ఇప్పటికీ రోతే. మాస్టారు అటు వెళ్లలేదు. నన్ను ఆటోలో కేంద్రానికి తీసుకెళ్లి, "ఇది బాగయ్యేదాకా వాడకమ్మా, కాగితం మీదే రాసుకో" అని సిస్టర్‌కు చెప్పారు. తరవాత ఇద్దరం వాళ్లింట్లో కూర్చుని ఆ తప్పు పట్టుకున్నాం. ఆ రెండు లైన్లతోనే మళ్లీ బిల్డ్ చేసి, అన్ని పరీక్షలూ పాసయ్యాక ఆయనే కేంద్రానికి వెళ్లి పాతదాన్ని మార్చి వచ్చారు.

ఆ వారమే ఆయన్ని ల్యాబ్‌లోంచి తీసి మొదటి ఏడాది పిల్లలకు టైపింగ్ నేర్పమన్నారు. రిటైరయ్యేదాకా అదే పని. "బాధగా లేదా మాస్టారూ?" అంటే, "ఆళ్లకి దండలు కావాల, దొరికినాయి. మనకి సరైన బిల్డు కావాల, అయింది" అన్నారు.

మొన్న సభ సగంలో లేచి ఆ కేంద్రానికి వెళ్లాను. సిస్టర్‌కు మాస్టారి సంగతి చెప్పాను. కుర్చీ జరిపి కూర్చోమంది. కిటికీ పక్క మంచం మీద ఒక ముసలావిడ చేతికి మిషన్ గొట్టాలతో, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. గోడ మీది తెరపై ఆ మిషన్‌కు ఎదురుగా ఆమె పేరొక్కటే ఉంది.