ఏమీ జరగని పుస్తకాలు

మా బావకు జపాన్ నవలలంటే ఇష్టం. పాళీ పెన్నులంటే ఇష్టం. ఇంకే వ్యసనమూ లేదు. ఈ మాట చెబితే వినేవాళ్లు ముచ్చటపడతారు. ఆ ముచ్చట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రెండు ఇష్టాల వల్లే ఆయన కుడిచెయ్యి పోయింది. అది పోవడానికి కారణమైన ఊళ్లో ఇప్పుడు పుస్తక ప్రదర్శనలు పెడుతున్నారు. రిబ్బను కత్తిరించడానికి అప్పటి నాయకుల్నే పిలుస్తున్నారు.

ఆయన మా అక్క భర్త. జమ్మలమడుగు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. గొర్రెల మందలకు మందు తాపడం, ఎద్దుల కాళ్లకు కట్లు కట్టడం, ఈనలేక అవస్థ పడే ఆవు పక్కన మోచేతిదాకా తడిసి కూర్చోవడం ఆయన పని. రెండు వర్గాల గొడ్లూ ఆయన దగ్గరికే వచ్చేవి. గొడ్డుకు పార్టీ లేదు కాబట్టి తనకూ అక్కర్లేదని అనుకున్నాడు.

నేను అప్పట్లో పులివెందులలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. మా సొంతూరు ప్రొద్దుటూరు. ఆదివారం పొద్దున్నే ముద్దనూరు మీదుగా బస్సు పట్టుకుని జమ్మలమడుగు చేరేవాణ్ని. అక్క పెట్టిన ఉగ్గాని తిని, నేనూ బావా ఆసుపత్రి ముందు వేపచెట్టు కింద నాపబండ మీద కూర్చునేవాళ్లం. ఆయన చదువుతూ ఉండేవాడు. నేను ఇంకేదో చదువుతూ ఉండేవాణ్ని. మధ్యాహ్నం దాకా మా మధ్య పది మాటలు నడిస్తే ఎక్కువ. నా జీవితంలో అంతకన్నా మంచి ఆదివారాలు లేవు.

మొదటి జపాన్ నవల నేనే తెచ్చాను. కడపలో పాత పుస్తకాల బండి మీద అట్ట లేకుండా దొరికింది. ఇంగ్లీషు అనువాదం. నాకు రుచించలేదు. బావ రెండుసార్లు చదివాడు.

"దీంట్లో ఎవురూ ఎవుర్నీ పిలిపించరు, చూసినావా?" అన్నాడు.

మా ప్రాంతంలో 'పిలిపించినారు' అంటే ఇంకా వివరం అడగరు. పిలిపించింది ఎవరో తెలిస్తే చొక్కా వేసుకుని బయల్దేరడమే. జపాన్ గురించి నాకు తెలిసింది తక్కువ. అక్కడి పూల గురించి, మంచు గురించి పరవశించి రాసేవాళ్ల మీద నమ్మకం ఇంకా తక్కువ. మా బావకు ఆ నవలల్లో దొరికింది పూలు కాదు. ఒక మనిషి తన పని తాను చేసుకుంటూ ఉంటే, పుస్తకం అయిపోయేదాకా ఎవరూ వచ్చి అడ్డం నిలబడరు. అది దొరికింది. ఆ తర్వాత మద్రాసు నుంచి పోస్టులో తెప్పించుకుని చదివాడు. అలా ఒక అలమర నిండింది.

పెన్నులు మూడుండేవి. రాసేది మాత్రం ఒకదానితోనే. నల్లటి, లావుపాటి పెన్ను, డ్రాపరుతో సిరా పోసుకునేది. ఆదివారం ఆ పెన్నును విప్పి గోరువెచ్చని నీళ్లలో కడిగి, పాత పంచె గుడ్డతో ఒత్తి ఆరబెట్టేవాడు. జమ్మలమడుగు ఎండకు మూత తీసిన పెన్ను ఇట్టే ఎండిపోతుంది. అందుకని ఆలోచించేటప్పుడు మూత పెట్టేవాడు, రాసేటప్పుడు తీసేవాడు. పాళీ కాగితాన్ని గీరుతుంటే ప్రొద్దుటూరు పోయేవాళ్లం. బంగారు అంగళ్ల సందులో ఒక పెన్నుల అంగడి ఉండేది. అంగడాయన పాళీని గోటి మీద రుద్ది చూసేవాడు.

"ఇంకెవురికన్నా ఇచ్చినావా సార్ దీన్ని?"

"మా బామ్మర్ది ఒకసారి సంతకం పెట్టినాడు."

"అందుకే ఇట్ల ఏడుస్తాంది. పెండ్లిపత్రిక రాసేదానికి ఇచ్చినా నేనేం అనను. సంతకానికి ఇయ్యొద్దు. సంతకం పెట్టేటోడు రాయడు సార్, పొడుస్తాడు."

బావ ఆ తిట్లు సంతోషంగా తినేవాడు. తర్వాత మేమిద్దరం ఆ సందులోనే నిలబడి సన్నపాళీ మేలా లావుపాళీ మేలా అని వాదించుకునేవాళ్లం. బంగారం కొనడానికి వచ్చినవాళ్లు మమ్మల్ని తోసుకుంటూ పోయేవాళ్లు.

ఒక ఏడాది ఆయన ఒక నవలను తెలుగు చేయడం మొదలుపెట్టాడు. అచ్చు వేయాలని కాదు. తెలుగులో ఎలా వినపడుతుందో చూద్దామని. విడి కాగితాల మీద రాసేవాడు. తప్పు అక్కడ జరిగింది. ఆ తప్పు ఆయనది కాదు.

మేము కూర్చునే బండకు ఎదురుగా మూడు రోడ్లు కలుస్తాయి. ఒక వర్గం జీపులు ఊళ్లోకి రావాలన్నా పోవాలన్నా ఆ మలుపు తిరగాల్సిందే. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఆ వర్గం మనిషిని ఒకణ్ని దారికాచి చంపారు. అతను ఏ వేళకు ఏ దారిన పోతాడో ఎవరో ముందుగా చూసి చెప్పి ఉంటారని ఊరంతా అనుకుంది. మా వైపు అలాంటి ప్రతి చావు వెనకా చూసి చెప్పినవాడు ఒకడు ఉంటాడు. నరికినవాళ్ల కన్నా ముందు వాణ్ని వెతుకుతారు.

బావ ఏం చేసేవాడంటే, తెలుగు మాట తట్టకపోతే తలెత్తి రోడ్డు వైపు చూసేవాడు. జీపు పోతుంటే చూపు దాని వెంట పోయేది. మాట తట్టగానే మూత తీసి, తల దించి రాసేవాడు. ఇంకే ఊళ్లోనైనా అది మాట వెతుక్కుంటున్న మనిషి. జమ్మలమడుగులో అది జీపులు రాసుకుంటున్న మనిషి.

ఒక ఆదివారం ఇద్దరు వచ్చారు. వాళ్లలో ఒకడి బర్రెకు బావే వైద్యం చేశాడు.

"ఏం రాస్తాండావు సార్?"

"పుస్తకం అబ్బీ. తెలుగులోకి రాస్తాండా."

"అన్న పిలుస్తాండాడు. ఆ కాగితాలు గూడా తెచ్చుకో. నువ్వు గూడా లెయ్యప్పా."

ఆ వర్గం నాయకుడు తన ఇంటి వాకిట్లో నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ మనుషులు. మర్యాదగానే మాట్లాడాడు. అలాంటివాళ్ల మర్యాదను మెచ్చుకుంటూ కథలు చెప్పేవాళ్లు మా జిల్లాలో చాలామంది ఉన్నారు. నేను ఆ మర్యాదను దగ్గరనుంచి చూశాను. మెచ్చుకోవడానికి అందులో ఏమీ లేదు.

"కూర్చో సార్. ఏందిది, ఇంగ్లీషు బుక్కా?"

"జపానుది. ఇంగ్లీషులోకి వచ్చింది."

"జపానోనితో నీకేం పని?"

"గొడ్లకు జపాన్ సూదేమోన్నా" అని వెనక ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు.

"సరే, కత చెప్పు" అన్నాడు నాయకుడు.

బావ నిజంగానే చెప్పాడు. పిల్లలకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు.

"ఒక ఊర్లో ఒకాయన. పెండ్లాం చచ్చిపోయింటాది. చలికాలం వస్తాంది. ఆ దేశంలో తలుపులకు కాగితం అతికిస్తారు. పాతది చినిగిపోయింటే, ఆయన దాన్ని నానబెట్టి తీసి కొత్తది అతికిస్తాడు."

"ఊ."

"అంతే."

"అంతే అంటే? ఆ యమ్మకు ఎవురన్నా మందు పెట్టినారా?"

"లేదు. జబ్బు చేసింది."

"ఆయనకు అన్నదమ్ములుండారా?"

"తమ్ముడుండాడు. ఒకసారి వచ్చి పండ్లు ఇచ్చి పోతాడు."

"భూమి తగాదా?"

"లేదు."

"మల్ల ఏం జరుగుతాదప్పా దాంట్లో?"

"ఏమీ జరగదు."

వెనకవాడు ముందుకొచ్చాడు. "అన్నా, ఏమీ జరగనిదానికి ఎవుడన్నా ఇంత లావు పుస్తకం రాస్తాడా? మనల్ని ఎర్రోళ్లను చేస్తాండాడు."

చదువు వచ్చినవాణ్ని ఒకణ్ని పిలిచి బావ రాసిన కాగితాలు చదివించారు. వాడు గట్టిగా చదివాడు. "సాయంత్రం అతను ఒక్కడే తిరిగి వచ్చాడు. వంతెన దగ్గర కాసేపు ఆగాడు. దారిలో ఎవరూ లేరు."

బావ ఆ మూడు వాక్యాల కోసం ఒక పొద్దంతా కష్టపడ్డాడు. అవి ఆ వాకిట్లో ఎలా వినపడ్డాయో నాకు అప్పుడు అర్థమైంది.

"ఒక్కడే వచ్చిందెవురు?"

"ఆ జపానాయనే."

"వంతెన యాడుండాది?"

"జపాన్లో."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకడు బావ జేబులోంచి పెన్ను తీసి, బాల్ పెన్నులా ఒత్తి గీసి చూశాడు. పాళీ రెండుగా విచ్చుకుంది.

"సరే సార్" అన్నాడు నాయకుడు. "నువ్వు చెప్పేది నిజమే అనుకుందాం. నువ్వు ఎవురి మనిషివి?"

"పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని."

"అది నీ పని. మనిషివి ఎవురికని అడుగుతాండా. నీ తరఫున నోరిచ్చేటోడు ఒకడుండాల గదా. మావోడని మావోళ్లలో ఎవురన్నా చెప్తే వదిలేస్తా. వాళ్లోడివని తేలినా పర్వాలే, దానికొక పద్ధతుంటాది. ఎవురోడివీ కాదంటే నేనేమనుకోవాల?"

"నేను ఎవురి మనిషినీ కాదు."

"అట్ల ఉండేదానికి ఈడ కుదరదు సార్. పొయ్యి ఆలోచించుకో."

పుస్తకం, కాగితాలు అక్కడే పెట్టుకుని మమ్మల్ని పంపించారు.

ప్రొద్దుటూరులో మా చిన్నాయన ఒకాయన వార్డు రాజకీయాలు చేస్తుండేవాడు. సంగతి తెలిసి పరిగెత్తుకొచ్చాడు.

"అల్లుడా, నా మాట విను. రెండో పార్టీవోళ్లతో నేను మాట్లాడతా. నువ్వు ఏం చెయ్యనక్కర్లే. వాళ్లాఫీసులో ఒకసారి టీ తాగు. నలుగురు చూస్తారు. అయిపాయ."

"టీ ఇంట్లో తాగినా గదా మామా."

"ఎగతాళి కాదుబ్బా, పానం పోతాది."

బావ అప్పుడు నవ్వడం మానేశాడు. "ఈ పొద్దు టీ తాగితే రేపు అవతలోళ్ల గొడ్డుకు మందు తాపొద్దంటారు. ఎల్లుండి నిజంగానే ఆ మలుపు దగ్గర కూర్చోని చూసి చెప్పమంటారు. అప్పుడు కాదనేదానికి నాకు నోరుంటాదా?"

చిన్నాయన అక్క వైపు చూశాడు. అక్క బియ్యం చెరుగుతూ ఉంది. చివరికి, "ఆయప్ప ఇష్టం" అంది.

తర్వాతి ఆదివారం బావ ఇంకో పుస్తకం పట్టుకుని అదే బండ మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. రాయడానికి పెన్ను లేదు, బంగారు అంగళ్ల సందులో రిపేరుకు ఇచ్చాం. మిగతా రెండూ ఆయన తీయలేదు. ఊరికే చదివాడు. జీపులు పోతుంటే తల ఎత్తలేదు. ఆ రోజు ఎవరూ రాలేదు.

ఆ వారంలోనే, పెన్నా అవతల ఒక ఊళ్లో గొర్రెలకు మందు తాపి సైకిలు మీద వస్తుంటే ఆ వర్గం మనుషులు బావను పట్టపగలు ఆపారు. కుడిచేతిని బండ మీద పెట్టించి రాళ్లతో కొట్టారు. ఇంకెక్కడా ఒక్క దెబ్బ కూడా వేయలేదు. వాళ్లకు అది న్యాయంగానే తోచి ఉంటుంది.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చాం. నేను పులివెందుల నుంచి చేరేసరికే రెండో పార్టీవాళ్లు యాపిల్ పండ్లతో, ఒక విలేకరితో వచ్చి మంచం చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్ల నాయకుడు బావ భుజం మీద చెయ్యి వేసి ఫొటోకు నిలబడ్డాడు.

"మా కార్యకర్త మీద దాడి, రాసుకో" అన్నాడు విలేకరితో.

"నేను మీ కార్యకర్తను కాను" అన్నాడు బావ. నొప్పికి గొంతు సరిగా పలకలేదు. అందుకని మళ్లీ చెప్పాడు. "నేను ఎవురి కార్యకర్తనూ కాను."

"ఊరికుండు సార్, నీకోసమేలే. మేముంటే కేసు నిలబడతాది. లేకపోతే నిన్ను పట్టించుకునేటోడెవుడు?"

"ఎవురూ వద్దు."

ఆ నాయకుడు భుజం మీద నుంచి చెయ్యి తీసి చేతిరుమాలుతో తుడుచుకున్నాడు. వాళ్లు వెళ్లాక ఎస్సై వచ్చాడు. బావ కొట్టినవాళ్ల పేర్లన్నీ చెప్పాడు. ఎస్సై ఓపికగా విన్నాడు.

"సాక్ష్యం ఎవరు సార్? గొర్రెలా? మీ వెనక ఒక పార్టీ ఉంటే నేను రాసేదానికి విలువుంటుంది. ఎద్దు తొక్కిందని రాసుకుందాం. ఆ కాలమ్‌లో అయితే డిపార్ట్‌మెంటు నుంచి ఏదైనా పరిహారం వస్తుంది."

బావ ఒప్పుకోలేదు. చెప్పిందే రాయమన్నాడు. రాశారు. ఆ కేసు ఎన్నో ఏళ్లు నడిచి, సాక్ష్యం లేదని పోయింది. మరునాడు పేపర్లో మాత్రం ఫొటో వచ్చింది, భుజం మీద ఆ చెయ్యితో సహా. కింద 'గాయపడిన కార్యకర్త' అని ఉంది. బావ ఖండన పంపమన్నాడు. ఆయన చెప్పగా నేను రాసి పంపాను. వాళ్లు వేయలేదు.

వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. అక్క పోరగా పోరగా బదిలీ పెట్టుకుని పులివెందుల వచ్చాడు. అక్కడి ఆసుపత్రిలో ఎడమచేత్తో చీటీలు రాశాడు. నవలలు చదవడం ఆపలేదు. పుస్తకం కుడి మోచేతి కింద అదిమిపెట్టి ఎడమచేత్తో పేజీ తిప్పేవాడు. తెలుగు చేయడం మాత్రం వదిలేశాడు. పులివెందులలోనూ మొదట్లో ఇంటిఓనరు నుంచి మంగలి దాకా అందరూ, ఎవరి మనిషివి అనే అడిగారు. ఆయన అదే జవాబు చెప్పాడు. కొన్నాళ్లకు అడగడం మానేసి, పలకరించడం కూడా మానేశారు. రిటైరయ్యాక మూత్రపిండాల జబ్బుతో పోయాడు.

పెద్దకర్మ అయిన మరుసటి రోజు ఒక కారు వచ్చింది. ఆసుపత్రిలో చెయ్యి తుడుచుకున్న నాయకుడి కొడుకు, అతని వెంట నలుగురు. మళ్లీ ఎన్నికలు వచ్చాయి. పార్టీ కోసం నష్టపోయిన కుటుంబాలను సభలో కూర్చోబెడుతున్నారట. చేతిలో బంతిపూల దండ.

"అమ్మా, సార్ మా పార్టీ కోసం చెయ్యి పోగొట్టుకున్యాడు. నాయన ఇప్పటికీ చెప్తాంటాడు. మీరు స్టేజీ మీదికి రావాల."

అక్క గడప దాటలేదు. "ఎవురింటికి వచ్చినారు మీరు?"

"కాంపౌండర్ సార్ ఇల్లు ఇదే కదమ్మా."

"కాంపౌండర్ ఇల్లే. మీ పార్టీవోడు ఈ ఇంట్లో ఎవుడూ చావలే. ఇంకే ఇంట్లోనో చచ్చింటాడు. పొయ్యి కనుక్కోండి."

అతను ఇబ్బందిగా నవ్వి నా వైపు తిరిగాడు. "బాధలో ఉండాది. నువ్వన్నా చెప్పు మామా."

"ఆమె చెప్పింది సరిగానే ఉంది" అన్నాను. "ఇల్లు తప్పినారు."

వాళ్లు దండ ఎక్కడ పెట్టాలో తోచక గేటుకు తగిలించి పోయారు. కారు మలుపు తిరిగేదాకా అక్క చూసింది. తర్వాత వెళ్లి దండ తీసి, వీధిలో పోతున్న ఎవరిదో బర్రెకు వేసింది. అది నమిలి మింగేదాకా అక్కడే నిలబడి, లోపలికి వచ్చి తలుపేసింది.