పులిని చంపిన తుపాకీకి పోలీసు ముద్ర

లాల్‌దర్వాజాలో మా ఇంటి ముందుగది గోడకు, గొట్టంలో మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకీ ఒకటి ఉంటుంది. దసరాకు దానికి పసుపు కుంకుమ పెడతాం. మిగతా ఏడాదంతా దాని కొసకు గొడుగు తగిలిస్తాం. ఇంటికి ఎవరొచ్చినా తాత మంచినీళ్లకన్నా ముందు, వాళ్ల నాన్న ఆ తుపాకీతో పులిని కొట్టిన కథ ఇస్తాడు. ఆ పులి ఏటా కొంచెం పెరుగుతుంది. నేను పదో తరగతికి వచ్చేసరికి ఎద్దంత అయింది.

మొన్న ఎన్నికల ముందు, లైసెన్సు తుపాకులను ఠాణాలో జమ చేయించే పని మీద ఎస్సై మా గల్లీకి వచ్చాడు. ఎవరిదో ఇల్లు అడగడానికి మా గుమ్మంలో ఆగి, గోడ మీద బొట్టు పెట్టుకున్న తుపాకీని చూశాడు.

“దీని లైసెన్సు ఏది, బాపు?”

“గిది మా నాయినది సార్. మందు కూరే తుపాకికి లైసెన్సేంది?”

“దానికి గూడ కావాలె. రిపేరు చేసినా పేలనిదైతేనే వద్దు. పేలుతదా?”

తప్పించుకునే దారి పాపం ఆయనే చూపించాడు. తాత పేలదంటే చాలు.

“పేలకపోవుడేంది సార్? ఇప్పుడు మందు కూరితే పులి ఎగిరి పడ్తది.”

గల్లీలో పులి లేకపోవడంతో ఎస్సై ఆ మాటను పరీక్షించలేదు. తుపాకీని దించాడు. తాత ముఖం చూస్తే ఆయన్నే గోడ మీంచి దించినట్టుంది. నేను గొడుగు తీసి పక్కన పెట్టాను.

అప్పుడు నాయనమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“అది పేలది సార్. మా పెద్దోడు పుట్టిన ఏడు నేనే గొట్టంల ఇనుము నింపిచ్చి వెల్డింగ్ కొట్టిచ్చిన. పాలిష్‌కు ఇచ్చిన అని ఈయనకు చెప్పిన.”

తాత యాభై ఏళ్లుగా ఒక ఇనప కడ్డీకి పైపైన నూనె రాస్తున్నాడన్నమాట.

“ఇంతకాలం చెప్పలేదేందే?”

“ఒక్కసారన్న పేలుస్తె తెలుస్తుండె గద.”

ఠాణాలో ఆయుధాలు చూసే పోలీసాయన గొట్టంలోకి ఊచ దూర్చాడు. జానెడు కూడా పోలేదు. ఇది ఏం చేసినా పేలదని తేల్చేశాడు. తిరిగి ఇవ్వాలంటే ఆ మాటే తాత రాసి సంతకం పెట్టాలి. తాత కలం పట్టుకుని అరగంట కూర్చున్నాడు. పేలదని రాస్తే పులి బతికిపోతుంది. చివరికి రాశాడు: ‘పులిని చంపిన తర్వాత ఈ తుపాకీ పేలలేదు. ఇక పేలదు.’

ఎస్సై చదివి నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. ముద్ర పడింది.

ఇప్పుడు ఆ కాగితం నకలు ఫ్రేములో, తుపాకీ కింద వేలాడుతోంది. వచ్చినవాళ్లకు తాత ముద్ర మీద వేలు పెట్టి చూపిస్తాడు.

“చూసినవా, సర్కారే ఒప్పుకుంది.”

గొడుగు మళ్లీ కొసకు ఎక్కింది.