ఉల్టా తీగలు

ఈ సాయంత్రం మేడ్చల్‌లో గిటార్ క్లాసులో చేరాను. నలభై ఏడేళ్ళకి మొదటి పాఠం. గిటార్ మా ఆవిడది. పోయిన వేసవిలో ఆమె చనిపోయాక దాన్నెవరూ ముట్టలేదు. ఆమె కట్టిన తీగలు అలాగే ఉన్నాయి.

ఆఫీసు నుంచి ఫోనొస్తే బయటికెళ్ళి మాట్లాడి వచ్చాను. ఈలోగా మాస్టారు ఆ తీగలన్నీ కత్తిరించి కొత్తవి బిగించేశాడు.

"గా తీగలు ఎవరు కట్టిన్రు సార్? మొత్తం ఉల్టా ఉన్నయ్" అని నవ్వాడు. క్లాసులో ఉన్న కాలేజీ పిల్లలూ నవ్వారు.

"మా ఆవిడ. ఆమెది ఎడమచేతి వాటం."

"ఇగ సీదా జేసిన. మేడమ్‌కు జెప్పున్రి, మల్ల దీన్ని ముట్టుకోవద్దని."

"ముట్టుకోదు లెండి" అన్నాను.

తీగల మీద వేళ్ళు పెట్టించి మొదటి కార్డ్ పట్టించాడు. బాగానే పలికింది.

"సూసిన్రా, ఎంత సాఫ్ వచ్చిందో!"

థాంక్స్ చెప్పాను. వచ్చేటప్పుడు చెత్తబుట్టలోంచి పాత తీగలు ఏరి జేబులో పెట్టుకుంటుంటే పిల్లలు మళ్ళీ నవ్వారు.

మాస్టారు తప్పేమీ చేయలేదు. నాది కుడిచేతి వాటమే. అయినా అడుగుతున్నాను: గిటార్‌కి తీగలు ఉల్టా కట్టడం మీలో ఎవరికైనా వచ్చా?