కెమెరా కబుర్ల అబూ హైతమ్

కెరక్ నుంచి అమ్మాన్ దాకా మినీబస్సు నడిపే ముఫ్లిహ్‌ను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. ముగ్గురు ఆడపిల్లల తర్వాత హైతమ్ పుట్టగానే ఊరికి అబూ హైతమ్, అంటే హైతమ్ నాన్న, అయ్యాడు. రేడియోకి ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాక సగం దేశానికి అబూ హైతమ్ అయ్యాడు.

పొద్దున్న ఆరున్నరకి ఖత్రానా దగ్గర టీ కోసం బస్సు ఆపినప్పుడు ఫోన్ తీసేవాడు. స్పీడు కెమెరా పెట్టుకుని ట్రాఫిక్ వాళ్ళు ఆ రోజు ఎక్కడ మాటు వేశారో ఎదురొచ్చే లారీవాళ్ళు లైట్లు కొట్టి అతనికి చెప్పేవాళ్ళు. అతను రేడియోలో అందరికీ చెప్పేవాడు. కెమెరా ఉంటే ఏ వంతెన కింద, ఏ పికప్ వెనక ఉందో ఆనవాళ్ళతో సహా వర్ణించేవాడు. లేకపోతే మాత్రం, "దారి ఖాళీ, దేవుణ్ణి తలుచుకుని పోనివ్వండి" అని ముగించేవాడు. పదమూడేళ్ళుగా ఇదే వరస. పేరు రుచి మరిగినవాడికి నోరు ఊరుకోదు కదా. ఆరోగ్యం బాగాలేక బస్సు తియ్యని రోజున కూడా మంచం మీద నుంచే ఫోన్ చేసేవాడు.

తను చేసేది పుణ్యమేనని అతని గట్టి నమ్మకం. దొంగని పట్టుకోవడానికి దాక్కోవాలి గాని దారిన పోయేవాణ్ణి పట్టుకోవడానికి దాక్కోవడమేమిటని వాదించేవాడు. బస్సులో ముందు సీటు ఎప్పుడూ నుహా టీచరమ్మది. ఆవిడ ఒప్పుకునేది కాదు.

"కెమెరా దగ్గర ఎనభై, దాటాక నూట అరవై. నువ్వు వాళ్ళని కాపాడేది చలానా నుంచి అబూ హైతమ్, చావు నుంచి కాదు."

"చలానా కట్టలేక చచ్చేవాళ్ళు కూడా ఉన్నారు టీచరమ్మా," అనేవాడు అతను. బస్సంతా నవ్వేది. ఎప్పుడూ గెలుపు అతనిదే. బస్సు అతనిది, స్టీరింగు అతనిది, నవ్వే జనం అతనివాళ్ళు.

అంతలో హైతమ్‌కి ఇరవయ్యేళ్ళు వచ్చాయి. కాలేజీ మానేసి ఫోన్ పట్టుకున్నాడు. తండ్రి గొంతు రేడియోలోంచి కోసి, పరిగెత్తే కార్ల బొమ్మల వెనక అతికించి, రోజుకొకటి జనంలోకి వదిలాడు. ఏడాది తిరక్కుండా అరవై వేల మంది చూడసాగారు. అందులో మీసం సరిగా రానివాళ్ళే ఎక్కువ. వాళ్ళకి కెమెరా గురించిన వాదన అక్కర్లేదు. కెమెరా లేని చోటే వాళ్ళకి కావాలి. ఖాళీ దారి అని తెలిస్తే చాలు, ఈ వంతెన నుంచి ఆ వంతెనకి ఎన్ని క్షణాల్లో చేరామో వీడియో తీసి హైతమ్‌కి పంపేవాళ్ళు. ఎక్కువ జోరుగా పోయినవాణ్ణి హైతమ్ పేరు పెట్టి మరీ పొగిడేవాడు.

మొదట్లో అబూ హైతమ్ మురిసిపోయాడు. తర్వాత ఒకరోజు ఒక కారు అతని బస్సుని రాసుకుంటూ దూసుకుపోయింది. కిటికీలోంచి నడుము దాకా బయటికి వేలాడుతున్న కుర్రాడు "దారి ఖాళీ" అని అతని మాటనే అతనికి అరిచి వినిపించాడు. అప్పటి నుంచి వెనక అద్దంలో ఏ కారు జోరుగా కనిపించినా అందులో తన కొడుకే ఉన్నాడేమో అని తొంగి చూసేవాడు. ఇంటికి వచ్చి వాడి చెప్పులు గుమ్మం దగ్గర కనిపిస్తే గాని ఊపిరి అందేది కాదు. భార్య మటుకు సూటిగానే అంది, నిప్పు రాజేసినవాడే పొగకి కళ్ళు నలుపుకుంటున్నాడని. అయినా ఆరున్నరకి ఫోన్ చెయ్యడం అతను మానలేదు. ఎలా మానతాడు? టీ కొట్టువాడు కూడా రేడియో గొంతు పెంచి ఎదురుచూసేవాడు.

ఒక గురువారం దారి ఖాళీ అని చెప్పాడు. చెప్పిన పావుగంటకి, వాళ్ళ వీధిలోని పంతొమ్మిదేళ్ళ ఒదై ఖత్రానా శివార్లలో ఒక పిల్లని గుద్దేశాడు. పేరు రువైదా, పదకొండేళ్ళు. అబూ హైతమ్‌కి ఈ కబురు అమ్మాన్ బస్టాండులో తెలిసింది. ఎన్ని గంటలకి అని మాత్రం అడిగాడు.

సాయంత్రం హైతమ్ తండ్రిని పెరట్లోకి పిలిచి ఫోన్ చూపించాడు. ఒదై కారులోంచి తీసిన వీడియో. స్పీడు ముల్లు నూట డెబ్భై మీద ఉంది. కారు రేడియోలో అబూ హైతమ్ గొంతు వినిపిస్తోంది.

"గుద్దడానికి ముందు నాకు పంపాడు నాన్నా," అన్నాడు హైతమ్. "ఎవరికీ చూపించలేదు. వాడు కూడా నోరెత్తనన్నాడు."

"తీసెయ్," అన్నాడు అబూ హైతమ్. ఆ ఒక్క మాట అన్నందుకు తర్వాత తనని తాను ఎంత తిట్టుకున్నాడో ఆ దేవుడికే తెలుసు.

ఒదై జైల్లో పడ్డాడు. వాడి తరఫు పెద్దలు ఆ రోజే పిల్ల తాత దియాబ్ దగ్గరికి వెళ్ళి, ప్రతీకారం జోలికి పోకుండా ఆచారం ప్రకారం మూడు రోజుల గడువు పుచ్చుకున్నారు. ఆ తర్వాత పిల్లకి తెలివి వచ్చేదాకా పొడిగించుకున్నారు. అబూ హైతమ్ బస్సు నడుపుతూనే ఉన్నాడు. ఫోన్ మాత్రం ముట్టుకోలేదు. గొంతు బొంగురుపోయిందని అబద్ధమాడాడు. పిల్ల పోతుందేమోనని ఎనిమిది రోజులు అన్నం సహించలేదు. తొమ్మిదో రోజున కళ్ళు తెరిచిందనీ ఒక కాలు మాత్రం ఇక సరిగా పనిచెయ్యదనీ తెలిసింది. అప్పుడు భయం ఇంకో వైపు నుంచి పట్టుకుంది. నిజం ఎప్పుడు బయటపడుతుందో అని.

నెల గడిచాక ఒదై పెదనాన్న ఇంటికొచ్చాడు. శుక్రవారం మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు తర్వాత, ఒదై జైలు నుంచి బయటపడేలా క్షమాపణ అడగడానికి యాభై మంది పెద్దలు దియాబ్ ఇంటికి వెళ్తున్నారు. అందరి తరఫునా మాట్లాడవలసింది అబూ హైతమ్ అట.

"నీ గొంతు వినని ఇల్లుందా ఈ జిల్లాలో? నువ్వడిగితే దియాబ్ కాదనడు," అన్నాడాయన.

అలాంటి పిలుపుని కాదనాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే ఒదై బయటికి రాడు, హైతమ్ పేరు బయటికొస్తుంది. అబూ హైతమ్ తలూపాడు.

దియాబ్ ఇంటి ముందు డేరా వేశారు. ఇటు యాభై మంది, అటు యాభై మంది ఎదురెదురుగా కూర్చున్నారు. చేదు కాఫీ పోసిన చిన్న కప్పు అబూ హైతమ్ చేతికిచ్చారు. అడిగింది ఇచ్చేదాకా అది తాగకూడదు. కప్పు ముందు పెట్టుకుని లేచాడు. కుర్రాడి తప్పు ఒప్పుకున్నాడు, దేవుడి పేరు చెప్పాడు, ఆ ఇంటి పరువు తలిచాడు, చేతులు చాచి అడిగాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. పదమూడేళ్ళ సాధన మరి.

డెబ్భై దాటిన దియాబ్ బేరమాడలేదు. "మీరడిగింది ఇచ్చాం. ఒదై మాకూ బిడ్డే. కాఫీ తాగండి," అన్నాడు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అబూ హైతమ్ కప్పు పెదవుల దాకా తీసుకెళ్ళి, మళ్ళీ కింద పెట్టాడు. ఇంకేదో షరతు పెడతాడని జనం గుసగుసలాడారు. ఒదై పెదనాన్న అతని మోకాలు గిల్లి, "తాగవయ్యా, ఇచ్చేశారుగా," అన్నాడు.

"నాకివ్వలేదు," అన్నాడు అబూ హైతమ్. "ఆ రోజు దారి ఖాళీ అని చెప్పింది నేను. వాడు నా మాట నమ్మి తొక్కాడు. వాడి కారులో నా గొంతు ఉన్న వీడియో మా వాడికొచ్చింది. తీసెయ్యమన్నది కూడా నేనే. ఇది తెలిశాక కూడా ఇస్తానంటే ఇవ్వండి, లేదంటే ఈ కప్పు మీదే."

వెనక వరసలో హైతమ్ లేచి నిలబడ్డాడు. పక్కవాళ్ళు చెయ్యి పట్టి లాగినా కూర్చోలేదు. తలొంచుకుని, "వాళ్ళని ఎగదోసింది నేను తాతా," అన్నాడు.

దియాబ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. కళ్ళు తెరిచిన రెండో రోజే పిల్ల చెప్పిందట. వంటింట్లో రేడియోలో అబూ హైతమ్ మాట వినగానే, ఇవాళ కార్లు ఎగురుతాయని తను తల్లి ఫోన్ పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తిందట.

"నాకు తెలుసు. నువ్వు చెబుతావా లేదా అన్నదే తెలీదు," అన్నాడు. "అన్న మాట వెనక్కి తీసుకోను. తాగు."

అబూ హైతమ్ తాగాడు. గడ్డం మీదికి కారే కన్నీళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

పిల్ల మీ ఇద్దర్నీ చూస్తానంటోందని చెప్పి దియాబ్ తండ్రీ కొడుకుల్ని లోపలికి తీసుకెళ్ళాడు. రువైదా కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉంది. దుప్పటి కింద ఒక కాలు కట్లతో ఎత్తుగా ఉంది. అబూ హైతమ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. పిల్ల చూపు అతన్ని దాటి వెనకున్న హైతమ్ మీదికి పోయింది. మొహం వెలిగిపోయింది.

"హైతమన్నా, కారు నా మీదికి వచ్చేదాకా తీస్తూనే ఉన్నాను. ఫోన్ పగిలింది గాని వీడియో ఉందట," అంది. "నీ ఛానెల్లో పెడతావా?"