మౌనం విని కొన్న ఆంప్లిఫయర్

ఊరి లైబ్రరీలో చదువుకునే గదికి ఉద్యోగమంతా కాపలా కాసిన మనిషిని అందరూ ష్ష్ గారు అనేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. కుర్చీల కాళ్ళకి పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగింది ఆయనే. ఎవరి చెప్పులు కిర్రుమంటాయో నడక విని పసిగట్టి, వాళ్ళని గుమ్మంలోనే ఆపి విప్పించేవారు. తుమ్మబోతున్నవాడు ఆయన కళ్ళలోకి చూశాడంటే, వచ్చిన తుమ్ము వచ్చిన దారినే పోవలసిందే.

అక్కడికి బాగానే ఉంది. రిటైరయ్యాక ఆ గదిని ఇంటికి తెచ్చుకున్నారు చూడండి, అదీ వచ్చిన చిక్కు. తలుపు బందులకి వారం వారం నూనె. టిక్కుటిక్కుమంటోందని గోడ గడియారానికి బ్యాటరీ తీసేశారు. కుక్కర్ కూత పెట్టబోతోందనగా పరుగెత్తుకెళ్ళి స్టవ్ ఆపేసేవారు కనుక ఆ ఇంట్లో ఏదీ పూర్తిగా ఉడికేది కాదు.

కట్టుకున్నావిడ చూస్తే డ్రిల్లు టీచరు. మైదానం ఈ కొసన నిలబడి ఆవిడ "కుడికి తిరుగు" అంటే, ఆ కొసన ఉన్న పిల్లలతో పాటు రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా తిరిగేవారు. ఉప్పూ నిప్పూ. ఇన్నేళ్ళు కాపురం ఎలా చేశారని అడక్కండి. పగలంతా ఎవరి ఉద్యోగంలో వాళ్ళుండటమే అందులో కిటుకు.

ఆవిడా రిటైరయ్యాక ఆ కిటుకు పోయింది. సాయంత్రం కాగానే చెప్పులేసుకుని పక్క వీధిలో చెల్లెలింటికి వెళ్ళిపోయేది. అక్కడ మ్యూజిక్ సిస్టం ఉంది. పాటలు పెట్టుకుని ఇంటిల్లిపాదీ గొంతు కలుపుతారు. భోజనాల వేళకి గానీ ఆవిడ తిరిగొచ్చేది కాదు. అంతవరకూ ఇంట్లో ష్ష్ గారొక్కరే, జన్మంతా కోరుకున్న నిశ్శబ్దంతో. తీరా దక్కాక అది ఆయనకి నచ్చలేదు. ఆవిడ లేని ఇల్లు దిగులుగా ఉండేది. ఇందులో దాచేదేముంది?

"ఈ పూటకి ఉండిపోకూడదూ?" అని ఒకనాడు గుసగుసగా అడిగారు.

"ఉండి ఏం వినమంటారు? గడియారం కూడా ఆపేశారుగా!" అంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

తన భార్యని ఎత్తుకుపోతున్నది ఆ మ్యూజిక్ సిస్టమేనని ష్ష్ గారు తేల్చుకున్నారు. అలాంటిదే మనింట్లో ఉంటే ఆవిడ గడప ఎందుకు దాటుతుంది? మరదలి మొగుడు, అంటే ఆయన తోడల్లుడు, తన దగ్గరున్న పాత స్పీకర్ల జతనీ, సీడీ ప్లేయర్నీ ఊరికే ఇచ్చేశాడు.

"ఇక ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ ఒక్కటి కొనుక్కుంటే చాలు అన్నయ్యగారూ. ప్లేయర్లోంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పట్టుకుని, స్పీకర్లు మోగేంత పెద్దది చేస్తుంది. విడివిడిగా రెండు పెట్టెలు చేసే పని అదొక్కటే చేసేస్తుంది" అన్నాడు.

శబ్దాన్ని పెద్దది చేసే పెట్టె! కోరి కొరివితో తల గోక్కోవడమే అనుకున్నారు ష్ష్ గారు. అయినా బయల్దేరారు. పెళ్ళాం మీద ప్రేమ అలాంటిది.

షాపులో అరల నిండా ఆంప్లిఫయర్లే. సేల్స్‌మ్యాన్ హుషారుగా ఒకదానికి పాట తగిలించి వాల్యూమ్ పెంచాడు. అద్దాల తలుపులు దడదడలాడాయి. ష్ష్ గారి చూపుడువేలు దానంతటదే పెదవుల మీదికి వెళ్ళింది.

"ష్ష్!"

షాపంతా గప్‌చుప్. గల్లాపెట్టె దగ్గరున్న యజమాని దిగ్గున లేచి చేతులు కట్టుకున్నాడు. చదువుకునే రోజుల్లో ఆ వేలు చూసి ఎన్నోసార్లు గదిలోంచి బయటికి నడిచిన బాపతు మరి. "ఆయన ఎలా చూపించమంటే అలా చూపించు" అని సేల్స్‌మ్యాన్ చెవిలో ఊదాడు.

"పాట తీసెయ్యండి. వాల్యూమ్ మాత్రం చివరిదాకా పెంచండి" అన్నారు ష్ష్ గారు.

"పాట లేకుండా ఏం వింటారు సార్?"

"పాట పాడినవాడిది. నేను కొనేది పెట్టెని. దాని గొంతేమిటో వినొద్దూ?"

స్పీకరుకి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నారు. మొదటి పెట్టె బుస్సుమంటోందన్నారు. రెండోది గుయ్యిమంటోంది. మూడోదాన్లో ఎవరో బియ్యం చెరుగుతున్నారట. సేల్స్‌మ్యాన్ తనూ చెవి పెట్టి, ఏమీ వినపడక, తన చెవులనే అనుమానించుకున్నాడు. రేడియో కొనుక్కుందామని వచ్చిన దంపతులెవరో ఇదేదో పెద్ద విద్య కాబోలనుకుని, రెండో స్పీకరుకి చెరో చెవీ ఆనించారు. పాటల షాపులో ఆ పూట పాటన్నదే లేదు.

చివరికి ఒక నల్లటి పెట్టె దగ్గర ష్ష్ గారి ముఖం వెలిగిపోయింది. వాల్యూమ్ ఎంత పెంచినా చీమ చిటుక్కుమన్నంత చప్పుడైనా లేదు.

"ఇదీ! దీన్ని మించిన సాధువు లేదు. ఇదే కట్టివ్వండి."

"సార్, అది మా షాపులో అన్నిటికన్నా..."

"ష్ష్!"

అన్నిటికన్నా బలమైనదన్న మాట సేల్స్‌మ్యాన్ నోట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం తోడల్లుడొచ్చి తీగలు కలిపి వెళ్ళాడు. చెప్పులేసుకోబోతున్న ఆవిడ ఆగి, ఒక పాట పెట్టి, అలవాటు ప్రకారం వాల్యూమ్ సగానికి తిప్పింది. వంటింట్లో గిన్నెలు గెంతాయి. ఆ మోత పక్క వీధి దాకా పోయింది. మరదలు పిల్లాజెల్లాతో సహా పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, మా ఇంట్లోది దీని ముందు దోమ! బావగారూ, ఇక రోజూ ఇక్కడే" అని ప్రకటించింది.

అన్నంత పనీ చేశారు. సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా పాట, పాటని మించి ఆవిడ గొంతు. ష్ష్ గారు వేలెత్తినా చూసే నాథుడు లేడు. నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు మెల్లగా జారుకున్నారు. ఎక్కడికని? పక్క వీధిలో తాళం వేసి ఉన్న మరదలింటికి. దాని మెట్ల మీద కూలబడ్డారు. ఇప్పుడు భార్య ఇంట్లో ఉంది, తానే లేరు. ఎంత తెలివిగా కొన్నానురా అని తనని తనే తిట్టుకున్నారు.

కాసేపటికి దూరంగా పాట ఆగింది. వీధి మలుపులో ఆవిడ కనిపించింది.

"ఇక్కడేం చేస్తున్నారు?"

"కాస్త ప్రశాంతంగా ఉంటుందనీ..."

ఆవిడ పక్కనే చతికిలబడింది. "మీరు కనబడకపోతే పాట ఆపేసి వెతుక్కుంటూ వచ్చాను. నేనిక్కడ ఇన్ని సాయంత్రాలు కూర్చున్నానే, ఒక్కనాడైనా నా కోసం వచ్చారా? ఈ మలుపు తిరగలేక అంత బరువు పెట్టె మోసుకొచ్చారు."

ష్ష్ గారికి ఆ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. అదే ఆయన్ని బాధపెట్టింది. చివరికి గొణిగారు, "నువ్వు లేకపోతే నాకు తోచదు."

"ఏమిటీ? వినపడలేదు" అంది ఆవిడ, వినపడినా.

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకున్నారు.

"నువ్వు లేకపోతే నాకు తోచదే!"

ఎదురింటి మేడ మీద బట్టలు తీస్తున్నావిడ వంగి చూసింది. వీధి కుక్క లేచి దూరంగా వెళ్ళి పడుకుంది.

"ఈ ముక్క అప్పుడే అనుంటే ఆంప్లిఫయర్ అక్కర్లేకపోయేది కదండీ" అంటూ ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని లేపింది.