గుంటూరు డిపో చేతులు మారిన ఏడాది

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను గుంటూరు డిపోకు డైరెక్టరుగా వేశారు. రక్షణ మంత్రిత్వ శాఖలో సివిల్ ఉద్యోగిగా చేరి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది, ఆ సర్వీసులో ఎక్కువ భాగం ఢిల్లీలోనే గడిచింది. మాది ఒంగోలు కాబట్టి ఇక్కడి మనుషులతో పని సులువుగా నడుస్తుందని పైవాళ్లు అనుకున్నారు. అప్పటిదాకా సైనికాధికారి కింద ఉన్న డిపోను సివిల్ అధికారి కిందికి మార్చడం నాకు అప్పగించిన పని.

డిపో అంటే తుపాకులు, మందుగుండు అనుకోకండి. సరిహద్దు దళాలకు వెళ్లే మిరప్పొడి, కందిపప్పు, గుడారాల కాన్వాసు గుడ్డ అక్కడ పరీక్షించి, ముద్ర వేసి పంపేవాళ్లం. ప్రత్తిపాడు రోడ్డులో పత్తిచేల పక్కన నాలుగు గోడౌన్లు, ఒక ల్యాబు, రేకుల కప్పుతో ఆఫీసు. సిబ్బందిలో ఎక్కువమంది మాలాంటి సివిల్ వాళ్లే.

అవి శాఖను మళ్లీ మొదటినుంచి అమరుస్తున్న రోజులు. అందరికీ పైన మంత్రిగారు ఉంటారు. ఆయన కింద అంతకుముందు ఫైళ్లన్నీ సివిల్ అధికారుల విభాగమే చూసేది. కొత్త ఏర్పాటులో సైనికుల పోస్టింగులు, సర్వీసు విషయాలు యూనిఫాం అధికారులు నడిపే వేరే విభాగానికి వెళ్లాయి. డిపోలు, కొనుగోళ్లు, సివిల్ సిబ్బంది మా పాత విభాగంలో ఉండిపోయాయి. ఆ పంపకం సరైనదేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. మిరప్పొడిలో తేమ చూడడానికి ఒక కల్నల్ అక్కర్లేదు.

అప్పటిదాకా డిపోను నడిపిన కల్నల్ పేరు సాంబశివరావు అనుకుందాం. చీరాల నేతపనివారి కుటుంబం. సిపాయిగా చేరి, లోపలి పరీక్షలు రాసి ఆఫీసరై, లెఫ్టినెంట్ కల్నల్ దాకా వచ్చారు. కింద నుంచి ఆ ర్యాంకుకు చేరేవాళ్లు చాలా తక్కువ. నేను చేరిన రోజున డిపో అంతా తిప్పి చూపించారు. తన కుర్చీ పక్కకు జరిపి, "ఇది మీదండి మేడమ్, నేను ఎదురుగా కూర్చుంటాను" అన్నారు. మాటలో ఎత్తిపొడుపు లేదు.

ఆయనకు పదవీ విరమణ వచ్చే ఏప్రిల్ చివర. మిగిలిన ఆ కొద్ది నెలలూ అక్కడే ఉండి, నాకు పని అప్పజెప్పి దిగిపోతే ఎవరికీ నష్టం లేదు. అయితే నిబంధన ఒకటి ఉంది. యూనిఫాంలో ఉన్న అధికారి రోజువారీగా సివిల్ అధికారి ఆజ్ఞ కింద పనిచేయకూడదు. ఆయన క్రమశిక్షణ సైనిక చట్టం కింద ఉంటుంది, ఏడాదికోసారి ఆయన పనితీరు మీద రాసే గోప్య నివేదిక యూనిఫాంలో ఉన్న పై అధికారే రాయాలి. అందువల్ల డిపో సివిల్ అయిన మర్నాడే ఆయన కుర్చీ కాగితం మీద లేకుండా పోయింది. జులైలో అస్సాంకు పోస్టింగ్ వచ్చింది.

ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు గుంటూరులో మున్సిపల్ స్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. క్యాన్సరు. కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో కీమో నడుస్తోంది. ప్రయాణాలు వద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. నేను మొదటిసారి వాళ్ల క్వార్టర్‌కు వెళ్లినప్పుడు ఆవిడ తలకు చీర కొంగు చుట్టుకుని, మంచం మీద కూర్చునే చిక్కుడుకాయలు వలుస్తున్నారు. ఆయన వంటింట్లో కాఫీ కలుపుతున్నారు.

"చూడండి వదినగారూ," అన్నారావిడ నవ్వుతూ, "పెళ్లయి ముప్పై ఏళ్లు. ఈయన కొండల్లో, నేను స్కూల్లో. సెలవులకొచ్చే చుట్టంలా ఉండేవాడు. ఈ రెండేళ్లే మేం కాపురం చేసింది. కాఫీలో చక్కెర ఎక్కువేస్తాడని ఈయన ఈ ఊరికొచ్చాకే నాకు తెలిసింది."

ఆయన్ని ఏప్రిల్ దాకా డిపోలో సలహాదారుగా ఉంచాలని కోరుతూ నేను ఫైలు కదిలించాను. డాక్టర్ల ధ్రువపత్రాలు జతచేశాను. ఆయన నివేదిక సికింద్రాబాదులోని సైనికాధికారి రాయవచ్చని దారి కూడా చూపించాను. మా విభాగం నుంచి జవాబు వచ్చింది: సంబంధిత అధికారి సైనికుడు, కనుక విషయం కొత్త విభాగానిది. కొత్త విభాగం రాసింది: సంబంధిత డిపో సివిల్ యాజమాన్యంలో ఉంది, కనుక విషయం పాత విభాగానిది. రెండు జవాబులూ నిబంధనల ప్రకారం సరైనవే. రెండింటి చివరా సానుభూతి ఉంది.

నేను ఢిల్లీ వెళ్లి ఆ జవాబులు రాసిన ఇద్దరు అధికారులనూ కలిశాను. ఇద్దరూ కూర్చోబెట్టి శ్రద్ధగా విన్నారు. రెండు విభాగాల పరిధి మీద స్పష్టత కోసం ఒక కమిటీ వేశారని, అందులో తేలుతుందని చెప్పారు.

కల్నల్‌గారికి ముందస్తు విరమణ తీసుకోమని సలహా ఇచ్చాను. "అది తేలేసరికి అసలు విరమణే వస్తుంది మేడమ్" అన్నారు. నిజమే. ఆగస్టులో బయల్దేరారు. స్టేషన్‌కు నేనూ వెళ్లాను. రైలు కదిలే ముందు మందుల వేళలన్నీ నాకు వివరంగా చెప్పి, "మా అమ్మాయి చీరాల నుంచి ఆదివారాలు వస్తుంది. మిగతా రోజుల్లో ఒకసారి తొంగి చూడండి, చాలు" అన్నారు. సాయంత్రాలు ఆఫీసు నుంచి తిన్నగా వాళ్లింటికే వెళ్లడం నాకు అలా అలవాటైంది.

సంక్రాంతి వెళ్లాక ఉన్న సెలవంతా పెట్టుకుని వచ్చారు. ఆవిడ ఆ రోజుల్లో బాగా తిన్నారు. ఆయన తిరిగి వెళ్లాక ముద్ద దిగేది కాదు. ఒకరోజు నేను పళ్లరసం పట్టిస్తుంటే, "మా ఆయన ఫైలు ఎంతదాకా వచ్చింది వదినా?" అని అడిగారు. కమిటీలో ఉందన్నాను. "పోన్లెండి, ఎక్కడో ఒకచోట ఉందిగా" అని కళ్లు మూసుకున్నారు.

మార్చి మొదట్లో ఒక ఉదయం ఊపిరి అందడం లేదని పనిమనిషి ఫోన్ చేసింది. డిపో జీపులో ఎక్కించాం. మిర్చి యార్డుకు సరుకు వచ్చే రోజులు. మిరపకాయల టిక్కీ బస్తాలు నింపుకున్న లారీలు రోడ్డుకు రెండువైపులా నిలిచిపోయాయి. ఘాటుకు మేమందరం దగ్గుతున్నాం. నా కొంగు తడిపి ఆవిడ ముక్కుకు అడ్డం పెట్టాను. డ్రైవరు దిగి, "ఒరేయ్, పేషెంటుందిరా, లారీ తియ్యండ్రా!" అని కేకలు వేస్తూ దారి చేయించాడు. ఆసుపత్రికి చేరేసరికి ఆవిడకు స్పృహ లేదు. మధ్యాహ్నానికి పోయారు. పోయినప్పుడు ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది. ఆ చోటు నాది కాదు. అక్కడ ఉండాల్సిన మనిషి అస్సాంలో సరుకు లెక్క చూస్తున్నారు.

ఫోన్ నేనే చేశాను. ఎన్ని గంటలకని ఆయన అడిగారు. తర్వాత, "నేను వచ్చేదాకా ఉంచండి మేడమ్" అన్నారు. ఉంచాం.

కర్మకాండలయ్యాక క్వార్టర్ ఖాళీ చేసే సంతకాల కోసం ఆఫీసుకు వచ్చారు. యూనిఫాంలోనే వచ్చారు. సంతకాలన్నీ పెట్టి, పెన్ను మూత బిగించి, చాలా మామూలుగా అడిగారు:

"కాదన్నది ఎవరు మేడమ్? తిట్టడానికి కాదు. ఊరికే తెలుసుకుందామని."

"ఎవరూ కాదనలేదండి" అన్నాను.

ఆయన తల పంకించారు. ఒకరెవరైనా కాదని ఉంటే బాగుండేదని ఆయన ముఖం చూస్తే అనిపించింది. లేచి, గోడౌన్ల వైపు వెళ్లి, పాతవాళ్లందరినీ పలకరించి, ఆటో ఎక్కి వెళ్లిపోయారు. విరమణ తర్వాత చీరాలలో కూతురింట్లో ఉంటున్నారు. పండగలకు ఫోన్ చేసుకుంటాం. ఆ సంగతి ఇద్దరం ఎత్తం.

విన్నపం చేసిన పరిస్థితి ఇప్పుడు లేదు కనుక ఫైలు మూసివేయవచ్చని నేను రెండు విభాగాలకూ రాయాల్సి వచ్చింది. అంగీకరిస్తున్నామని రెండు చోట్ల నుంచీ అదే వారంలో జవాబు వచ్చింది.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా మరో మూడు సంస్థల పునర్వ్యవస్థీకరణ నా చేతుల మీదుగా జరిగింది. ప్రతిదాని ముసాయిదాలోనూ ఒక పేరా చేర్చాను: ఏ విషయం ఎవరి పరిధిలోదో తెలియనప్పుడు నిర్ణయం తీసుకునే అధికారి హోదా ముందే ప్రకటించాలి, ఆయన వారంలోగా ఔననో కాదనో చెప్పాలి. రెండు ముసాయిదాల్లో ఆ పేరా నిలిచింది. మూడోదాన్లో అనవసరమని కొట్టేశారు. శాఖను రెండుగా పంచడం తప్పు కాదు. పంచేటప్పుడు గీత మీద నిలబడి ఉన్న మనుషులు ఎవరో చూసి, వాళ్లకు జవాబు చెప్పాల్సిన ఒక మనిషిని పెట్టి, ఆ తర్వాతే గీత గీయాలి.